పెరటి మొక్కలు - పంజరపు పక్షులు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన రామచిలుకను పట్టి పెంచుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. కావున నేడు మన యిండ్ల పంజరములలో బడ్జరిగార్లు, కాక్‌టెయిళ్లు మొదలగు విదేశపు పక్షులే తరచుగా కనబడుచున్నవి. వానిని గూర్చియే మేము రెండు మాటలు విన్నవింపదలచితిమి.

"ఏది తినదగినదో నోరులేని జీవికి ప్రకృతియే నేర్పును" అని మనలో పెక్కురు నమ్ముదురు. పంజరముననే పుట్టి పెరిగిన పక్షి విషయమున ఈ నమ్మకము చెల్లదు. పొద్దుపోక, అందిన ఆకునెల్ల అది కొరుకును. బడ్జరిగారు తూకము సుమారు 30, 40 గ్రాములు మాత్రమే. మనకు లెక్కకు రానంత విషము దాని ప్రాణము తీయగలదు.

పూజకు కోయు గన్నేరును చూడుడు. దాని ఆకు, పువ్వు, కొమ్మ, అన్నియు గుండెను దెబ్బతీయునవే. పచ్చగన్నేరును అట్టిదే. ఆ కొమ్మను పక్షి వ్రాలుటకై పంజరమున అమర్చరాదు. ఆముదపు గింజలు, గురివింద గింజలు కూడ విషపూరితములు. మన పిల్లలు వీధిలో గన్నేరును కణగిలె యనియు, గురివిందను గులగంజి యనియు కన్నడమున విందురు. కనుక రెండు పేర్లును వారికి నేర్పవలెను. అలంకారమునకై కుండీలలో పెంచు డీఫెన్‌బాకియా ఆకులందు సూదులవంటి స్ఫటికములుండి నోటిని, గొంతును వాపజేయును.

అన్నిటికంటె మోసకరమైనది వెన్నపండు. కొడగునుండి వచ్చి మన బెంగుళూరు అంగళ్లలో బటరుఫ్రూటను పేర అమ్ముడగు ఈ ఫలము మనకు బలకరమే. కాని దానియందలి పర్సిన్ అను పదార్థము పక్షుల గుండెను చెరచును. 8.7 గ్రాముల గుజ్జు తిన్న బడ్జరిగార్లు 48 గంటలలోపల మరణించినట్లు పశువైద్య గ్రంథములు తెలుపుచున్నవి. తన పండులో ఒక ముక్కను ప్రేమతో చిలుకకు పెట్టు బాలునకు ఈ సంగతి ఎవరు చెప్పవలెను? మనమే గదా!

కొర్రలు, సజ్జలు, కడిగిన కొత్తిమీర, జామకొమ్మ నిర్భయముగా ఈయవచ్చును. పక్షి ఈకలు ఉబ్బించుకొని పంజరపు అడుగున కూర్చున్నను, ఆయాసపడినను ఇంటి చిట్కాలతో కాలహరణము చేయక, అది కొరికిన ఆకుతోసహా వెంటనే పశువైద్యునికడకు కొనిపోవలెను.

పంజరపు తలుపు మూసినది మనము. లోనికి ఏమి పోవునో చూచు బాధ్యతయు మనదే. ఈ చిన్న జాగ్రత్తను పిల్లలకు అలవరచిన, జీవకారుణ్యము వారికి పాఠముగా గాక నడవడిగా అబ్బును.