బిళ్ళ మర్చిపోయిన రోజు

(విశాఖపట్నంలో మహిళా ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భనిరోధక బిళ్ళ వేసుకోవడం మర్చిపోతే ఏం చేయాలన్నది డాక్టరమ్మ చెప్పే చిన్న సలహా అనుకుంటాం. నా దృష్టిలో అది హక్కుల ప్రశ్న.

మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ అయినవాళ్లే. బిళ్ళ వాడేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఎందుకని అడిగితే, "వాళ్లకి చదువు లేదు, రోజూ గుర్తుపెట్టుకోలేరు" అనే జవాబు వస్తుంది. ఈ చిన్నచూపు ఎక్కడికి దారితీస్తుందో మనం చూశాం. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి పేద స్త్రీలను పిలిచారు. అది ప్రయోగమని వాళ్లకి సరిగా చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్లి నిలదీసింది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది.

అసలు మరుపు ఎందుకు వస్తుంది? ఉక్కు కర్మాగారంలో భర్త షిఫ్టు మారినప్పుడల్లా ఇంట్లో వంట వేళ, నిద్ర వేళ మారిపోతాయి. తెల్లారక ముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, చేపల గంప ఎత్తుకుని ఊరంతా తిరిగే మనిషికి రోజుకొక వేళ ఉండదు. అత్తగారి కంటపడకుండా బియ్యం డబ్బాలో ప్యాకెట్ దాచుకునే కోడలికి ఏకాంతమే దొరకదు. ఇలాంటి బతుకుల్లో ఒకరోజు తప్పడం సహజం. కాబట్టి ఆ రోజు ఏం చేయాలో ప్యాకెట్‌తో పాటే చెప్పి తీరాలి.

చెప్పవలసింది కష్టమైన విషయమేమీ కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో హార్మోన్ బిళ్ళలు 21, ఐరన్ బిళ్ళలు 7 ఉంటాయి. హార్మోన్ బిళ్ళ ఒకటి తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. మిగతావి మామూలు వేళకే. ఒకేరోజు రెండు పడినా పరవాలేదు.

వరసగా రెండు గాని అంతకన్నా ఎక్కువ గాని తప్పితే, వెంటనే ఒకటి వేసుకుని, తప్పిన మిగతావి పారేసి, రోజుకొకటి చొప్పున సాగించాలి. వరసగా ఏడు రోజులు బిళ్ళ పడేదాకా నిరోధ్ వాడాలి. ఇది మూడో వారంలో జరిగితే హార్మోన్ బిళ్ళలు పూర్తి చేసి, ఐరన్ బిళ్ళలు మానేసి, మర్నాడే కొత్త ప్యాకెట్ మొదలుపెట్టాలి. మొదటి వారంలో జరిగి, ఆ రోజుల్లో నిరోధ్ లేకుండా కలిసి ఉంటే అత్యవసర బిళ్ళ అవసరమవుతుంది. దాన్ని 72 గంటల లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. ఐరన్ బిళ్ళ తప్పితే గర్భం భయం లేదు.

కొత్త ప్యాకెట్ ఆలస్యం కావడం అన్నిటికన్నా ప్రమాదం. స్టాకు లేదని ఆమెను తిప్పి పంపితే, మర్చిపోయింది ఆమె కాదు, సర్కారు.

లక్నో కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన 'ఛాయ' లెక్క వేరు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతవి మామూలు రోజులకే వేసుకోవాలి. మళ్లీ ముట్టు వచ్చేదాకా నిరోధ్ వాడాలి. ఏడు రోజులు దాటితే మొదటి నుంచి ప్రారంభించాలి. ఈ రెండు లెక్కలనూ కలిపి చెప్పి గందరగోళం చేయకండి.

ప్యాకెట్ ఇచ్చేముందు అడగవలసినవి కూడా ఉన్నాయి. మన తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. 35 ఏళ్లు దాటి పొగ తాగేవాళ్లకి, బి.పి. ఉన్నవాళ్లకి, ఆరు నెలల లోపు బిడ్డకి పాలిచ్చే తల్లికి మాలా-ఎన్ తగదు. టి.బి.కి రిఫాంపిసిన్ వాడుతుంటే ఈ బిళ్ళ సరిగా పనిచేయదు. "సిగరెట్ తాగుతావా?" అంటే కాదంటుంది. "చుట్ట కాలుస్తావా అమ్మా?" అని అడగాలి.

ఇన్ని చేసినా గర్భం వస్తే? 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భనిరోధక సాధనం విఫలమైతే, 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో గర్భస్రావం చేయించుకోవచ్చు. పెళ్లి కానివారికీ ఇది వర్తిస్తుంది. పద్దెనిమిది నిండిన స్త్రీకి తన సమ్మతే చాలు. ఏ ఆసుపత్రిలోనైనా "మొగుడి సంతకం తెమ్మ"ని అడిగితే, చట్టం అడగనిది మీరెందుకు అడుగుతున్నారని మనం పక్కన నిలబడి అడగాలి.

ఈ విషయాలు పెద్ద అక్షరాల తెలుగులో, చదవలేనివారికి బొమ్మలతో, ప్రతి ప్యాకెట్‌తో పాటు ఇమ్మని ఆరోగ్యశాఖను అడుగుదాం. అది వచ్చేదాకా ఆగకుండా, మన సంఘాల మీటింగుల్లో చెప్పడం మొదలుపెడదాం. "మర్చిపోయాను" అని ఒక స్త్రీ మన దగ్గరికి వస్తే, "అదేంటమ్మా, ఎలా మర్చిపోయావు?" అనొద్దు. "ఎన్ని తప్పాయి? ఏ వారంలో?" అని అడుగుదాం.