తెర మీద భీం ఉన్నాడు, తెర వెనక మనం ఎక్కడ?

(ఫిల్మ్‌నగర్‌లో ఆదివాసీ విద్యార్థులతో, సినిమా పనుల్లో ఉన్న మన పిల్లలతో జరిగిన సమావేశంలో చెప్పిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నాం.)

 

మనం కూర్చున్న ఈ చోటు గురించి ముందు ఒక మాట. ఈ పక్కనే బంజారాహిల్స్. ఒకప్పుడు బంజారాలు ఉన్న గుట్టలు కాబట్టి ఆ పేరు. ఇప్పుడు పేరు మిగిలింది, తండా లేదు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో స్టూడియోలు, ఆఫీసులు పెట్టుకున్న తెలుగు సినిమా కూడా మద్రాసు నుంచి వలసొచ్చిందే. వలసొచ్చినవాళ్ళకు పెద్ద ఇళ్ళు కట్టుకునే దారి దొరికింది. మనలాంటి వలసోళ్ళకు కృష్ణానగర్‌లో నలుగురు పంచుకునే గది దొరికింది. తేడా ఎక్కడుందో దాని గురించే ఈ ముచ్చట.

మనం సినిమాల్లో లేమా అంటే, ఉన్నాం. మొదట్నుంచీ ఉన్నాం. ఎట్లా ఉన్నాం? తలకు ఈకలు, ఒంటికి నల్లరంగు, నోట్లో "దొరా దొరా" అనే వంకర తెలుగు. జోస్యం చెప్పే కోయదొర వేషం వేస్తే హాల్లో నవ్వులు. కోయ భాష ఒక్క ముక్క రానివాళ్ళు కోయవాళ్ళయిపోతారు.

1977లో వచ్చిన అడవిరాముడు గుర్తు చేసుకోండి. ఎన్టీఆర్ సినిమా, పెద్ద హిట్టు. హీరో అటవీశాఖ అధికారి. ఆ సంగతి దాచిపెట్టి అడవికొచ్చి, స్మగ్లర్ల నుంచి జనాన్ని కాపాడతాడు. మీ తాతను అడిగి చూడండి, ఫారెస్టోళ్ళంటే ఏం గుర్తొస్తుందని. జరిమానా, కేసు, పోడులోంచి గుంజుకుపోయిన నాగలి. ఆ కథ మనం రాసి ఉంటే హీరో ఎవరో, విలన్ ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇక 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్. కొమురం భీం పేరు ప్రపంచమంతా వినబడింది. నాకూ సంతోషమైంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అది కల్పిత కథ అని తీసినవాళ్ళే చెప్పారు. కల్పనకు మనం వ్యతిరేకం కాదు. కానీ చివర్లో ఏం జరుగుతుందో చూడండి. నీకేం కావాలని రాజు అడిగితే భీం చదువు అడుగుతాడు. జల్ జంగల్ జమీన్ అనే మాటను జెండా మీద రాసేది రాజు చెయ్యి.

మరి మన పెద్దలు చెప్పే భీం చరిత్రేంది? చాందా పోయి, విఠోబా అనే ఆయన ప్రెస్సులో పనిచేసి, అక్కడే చదవడం రాయడం నేర్చుకున్నాడని. అస్సాం తేయాకు తోటల్లో కూలీ చేశాడని. అంటే భీం వలస కూలీ, అచ్చు పని తెలిసినవాడు. తర్వాత ఊర్లను కూడగట్టి, నిజాం సర్కారును ఎదిరించి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. భీం మీదే అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు రావడానికి 2010 దాకా పట్టింది. ఇరవై ఏండ్లు!

ఇక్కడ మిమ్మల్ని ఇంగ్లండ్‌కు తీసుకుపోతా. నిజాంను వెనకుండి నిలబెట్టిన ఆ తెల్లదొరల దేశంలోనే నల్లజాతి వాళ్ళు ఈ కొట్లాట మనకన్నా ముందు కొట్లాడారు.

1948 జూన్‌లో విండ్‌రష్ అనే ఓడలో కరీబియన్ దీవుల నుంచి కొన్ని వందల మంది లండన్ దగ్గర దిగారు. తర్వాతి ఏండ్లలో ఇంకా వేలమంది వచ్చారు. బస్సులు, రైళ్ళు, ఆస్పత్రులు నడిపారు. కానీ అక్కడి టీవీలో వాళ్ళెట్లా కనబడ్డారు? 1958 నుంచి 1978 దాకా బీబీసీలో ఒక ప్రోగ్రాం నడిచింది. తెల్లవాళ్ళు మొహాలకు నల్లరంగు పూసుకుని పాడేవాళ్ళు. ఆపండని 1967లో సంతకాలు పెట్టి ఇచ్చినా ఇంకో పదకొండేండ్లు నడిపారు. మన కోయదొర వేషానికి అది అన్న లాంటిది.

వాళ్ళు అర్జీలు పెట్టి ఊరుకోలేదు. శామ్ సెల్వాన్ 1956లోనే లండన్ వలసోళ్ళ మీద నవల రాశాడు. పాత్రల మాటలొక్కటే కాదు, కథ చెప్పే భాష కూడా తమ దీవుల ఇంగ్లీషే. 1966లో జాన్ లా రోజ్, సారా వైట్ కలిసి న్యూ బీకన్ అనే ప్రచురణ సంస్థ, పుస్తకాల షాపు పెట్టారు. మా పుస్తకం ఎవడు వేస్తాడని ఏడుస్తూ కూర్చోలేదు, వాళ్ళే వేసుకున్నారు. 1976లో హొరేస్ ఓవే తీసిన 'ప్రెషర్' వచ్చింది. బ్రిటన్‌లో నల్లజాతి డైరెక్టర్ తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం అదే.

1982లో జరిగింది మనకు ఇంకా ముఖ్యం. ఇక్కడ యూనియన్ కార్డు లేకపోతే సెట్లో పని దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. అక్కడా అంతే. ఆ ఏడాది సినిమా కార్మికుల యూనియన్‌కు, కొత్తగా వచ్చిన ఛానల్ ఫోర్‌కు మధ్య ఒప్పందం అయింది. చిన్న చిన్న బృందాలు జీతాలు తీసుకుంటూ, తమ పరికరాలతో తాము టీవీకి సినిమాలు తీసుకోవచ్చని. అట్లా నల్లజాతి యువత బృందాలు నిలబడ్డాయి. వాటిలో ఒకటి బ్లాక్ ఆడియో. పోలీసులకు, జనానికి కొట్లాట జరిగిన హ్యాండ్స్‌వర్త్ గురించి వాళ్ళు 1986లో సినిమా తీశారు. పేపర్లు అల్లరిమూక అన్నవాళ్ళను, వాళ్ళు అమ్మానాన్నల చరిత్ర ఉన్న మనుషులుగా చూపించారు.

ఆ పునాది మీదే తర్వాత గోడలు లేచాయి. 2019లో బెర్నార్డిన్ ఎవరిస్టోకు బుకర్ వచ్చింది, నల్లజాతి మహిళకు అదే మొదటిసారి. 2020లో స్టీవ్ మెక్వీన్ తన జనం మీద ఐదు సినిమాలు తీస్తే, ఒకప్పుడు నల్లరంగు పూసిన ఆ బీబీసీయే వేసింది.

అయితే అవార్డులొస్తే అన్నీ వచ్చినట్టు కాదు. విండ్‌రష్ తరం వాళ్ళనే అక్కడి సర్కారు కాగితాలు చూపించమంది. చూపలేనివాళ్ళ ఉద్యోగాలు పోయాయి, కొందరిని దేశం నుంచే పంపేసింది. ఆ బండారం 2018లో బయటపడింది. మనకు ఇది కొత్తనా? 2019 ఫిబ్రవరిలో పట్టా దరఖాస్తు తిరస్కరించిన వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు చెప్పింది. దేశమంతా గొడవైతే ఆ నెలాఖరునే ఆపింది. పాట కావాలి, ఆట కావాలి, మనిషి మాత్రం కాగితం చూపించాలి.

ఒక తేడా మరవొద్దు. వాళ్ళు సముద్రం దాటి వచ్చినవాళ్ళు. మనం మన మట్టి మీదే ఉన్నాం. అయినా ఈ ఫిల్మ్‌నగర్‌కు వచ్చేసరికి మనమూ పరాయివాళ్ళమే.

మా దిక్కు ఒక ఊరికి షూటింగ్ వాళ్ళొచ్చారు, పేరు చెప్పను. గుస్సాడీ ఆడించుకున్నారు. దండారి అంటే మాకు దీక్ష. గుస్సాడీలు దీక్షలో ఉన్నన్ని రోజులు స్నానం కూడా చేయరు, వాళ్ళను దేవుళ్ళ లెక్క చూస్తాం. వీళ్ళు ఎండాకాలంలో నెమలీకల టోపీలు పెట్టించి, హీరో వెనక నిలబెట్టి, సాయంత్రానికి కూలి లెక్కగట్టి పోయారు. సినిమా వచ్చాక టైటిల్స్ చివరిదాకా చూసిన. మేకప్ సామాను ఇచ్చిన కంపెనీ పేరుంది. మా వాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

అందుకే మూడు పనులు చెప్తున్నా.

ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతంలో మన దేవుళ్ళను, మన ఆటను తీయాలంటే గ్రామసభ ముందు కూర్చుని అడగాలి. 1996 పెసా చట్టం మన ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కూలి ఎంత, పేరు ఎక్కడ వేస్తారు, ఏం చూపిస్తారు, అన్నీ కాగితం మీద రాయించుకోండి.

రెండు. డ్యాన్సు గ్రూపుల దగ్గరే ఆగొద్దు. ఎడిటింగ్, సౌండ్, కెమెరా, రైటింగ్ రూముల్లోకి పోవాలి. ఐటీడీఏలు కుట్టుమిషన్లు ఇస్తున్నాయి, డ్రైవింగ్ నేర్పుతున్నాయి. సినిమా పని కూడా నేర్పమని, యూనియన్ కార్డు ఫీజు కట్టమని అడుగుదాం. ఛానల్ ఫోర్ తనంతట తాను దిగిరాలేదు, అడిగితేనే దిగింది.

మూడోది ఎవర్నీ అడగక్కర్లేదు. మన పెద్దల్ని మనమే రికార్డు చేసుకోవాలి. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు తాతకు 2021లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలో డోలితో చెప్పిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో వచ్చింది. 2024లో ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళకు తెలిసినదాంట్లో ఎంత మన దగ్గరుంది? గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే మన సినిమా టైటిల్ మన లిపిలో పడొచ్చు. కింద తెలుగు సబ్‌టైటిల్స్ వాళ్ళు చదువుకుంటారు.

మీ చేతిలో ఫోనుంది. ఈ దండారికి ఊరికి పోయినప్పుడు రీలు ఒక్కటే తీసి రావద్దు. కిక్రి వాయించే పర్ధాన్ తాత ముందు కూర్చోండి. కథ మొదట్నుంచి చివరిదాకా, ఎన్ని రాత్రులైనా సరే తీయండి. ఆయన పేరు, ఊరు, గోత్రం ముందే చెప్పించండి. ఒక కాపీ ఆయన ఇంట్లోనే ఉంచండి.

రామ్ రామ్. జై ఆదివాసీ.