హాలీ, కల్దారు



నేడు మనకు రూపాయి యన్న నొక్కటే. మా తాతగారి కాలమున నట్లు కాదు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో నిజాము ప్రభుత్వపు హాలీ రూపాయి చెల్లుచుండెను. కాళేశ్వరము కడ గోదావరిని దాటి సిరోంచకు బోయినచో అక్కడ ఆంగ్ల ప్రభుత్వపు కల్దారు. ఆ యొడ్డునను తెలుగే మాటలాడుదురు. రూపాయి మాత్రము వేఱు.

హాలీ యనగా ఇప్పుడు చెల్లునది. కల్దారనగా యంత్రముపై నచ్చైనది. చీనా దేశమునందును ధనమునకిట్టి పేళ్లే. అక్కడ పత్రములలో వ్రాయు 'యువాన్' అను మాటకు గుండ్రనిదని యర్థము. అంగడిలో జనులు దానినే 'క్వాయ్', అనగా ముద్ద, అందురు.

మన రెండు రూపాయలకును పదునారేసి యణాలే. రెండణాలు బేడ, నాలుగు చారాణా, ఎనిమిది ఆఠాణా, పండ్రెండు బారాణా. పేళ్లొక్కటే యైనను విలువ యొక్కటి కాదు. హాలీలో వెండి తక్కువ. 1950లో భారత రూపాయి మన సీమకు వచ్చినప్పుడు 7 హాలీలకు 6 రూపాయలుగా మారకము నిర్ణయింపబడెను. ఆ లెక్కను నూరు రూపాయలకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. మన నూటపదహార్ల సంభావన యిందుండియే పుట్టినదని చెప్పువారును గలరు.

ఈ భేదము మా యింటికి దుఃఖము దెచ్చినది. తాతగారు హాలీ దినములలో నూరు రూపాయలు ఋణము గొనిరి. పత్రమున "రూపాయలు నూరు" అని మాత్రమే యుండెను. ఏ రూపాయియో వ్రాయలేదు. తీర్చు వేళకు క్రొత్త రూపాయి వచ్చెను. ఋణదాత దానినే కోరెను. ఇచ్చినది హాలీయని తాతగారికి దెలియును, ఆయనకును దెలియును. కాగితమునకు మాత్రము తెలియదు. పైబడిన సొమ్మునకై పాడియావు నమ్మవలసి వచ్చెను. నాయనమ్మ యీ మాట చెప్పునప్పుడెల్ల ఆవు పేరు దలచి కన్నులు తుడుచుకొనెడిది.

1951లో హాలీ ముద్రణ నిలిచెను. 1959లో చెల్లుబడియు పోయెను. 1957లో అణాలకు మాఱుగా నూఱు పైసల లెక్క వచ్చెను. 2011లో పావలా నాణెమును వెడలిపోయెను. అయినను "చారాణా కోడికి బారాణా మసాలా" యని మన పిల్లలు నేటికిని అందురు. నాణెము పోయినను పేరు నిలిచినది.

పేరు నిలుచుట వేడుకయే. కాని పత్రము వ్రాయునపుడు వట్టి పేరును నమ్మకుడు. ఏది, ఎంత, ఎప్పటికి అని అక్షరములలో వ్రాయించి, చదివించుకొని, పిమ్మటనే వ్రేలుముద్ర వేయుడు.