దురదకు పొలం మందు మందు కాదు

(చెల్పూర్‌లో రైతులు, కూలీల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కరెంటు, ఎరువుల గురించి మాట్లాడుకునే చోట గోకుడు మీద ప్రసంగం ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పు లేదు. కానీ పత్తి, మిర్చి, వరి మూడూ మన చేతుల మీదుగా పోయే పంటలు. మనకు తోలు కూడా ఒక పనిముట్టే. నాగలి కర్రు అరిగితే కమ్మరి దగ్గరికి పోతాం, తోలు చెడితే మాత్రం గోక్కుంటూ ఇంట్లో కూర్చుంటాం. లేకుంటే చేతికి దొరికింది పూసుకుంటాం. ఆ పూసుకునేదాని గురించే ఇవాళ మాట్లాడదలిచాం.

చెల్పూర్ అంటే అందరికీ కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం గుర్తొస్తుంది. 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, కలిపి 1100. బొగ్గు కాలితే బూడిద తప్పదు. కాబట్టి ఇక్కడ ఎవరికి దురద పుట్టినా మొదట వచ్చే మాట బూడిదే. ఆ మాటను మేము కొట్టిపారేయం. సన్నని దుమ్ము చెమటతో కలిసి ఒంటికి పట్టుకుంటే చర్మం ఎండి, గరుకెక్కి దురద పెడుతుంది. అయితే అలాంటి దురద గాలి తగిలే ముఖం మీద, మెడ మీద, ముంజేతుల మీద వస్తుంది. స్నానం చేస్తే నెమ్మదిస్తుంది. అట్లా కాకుండా రాత్రి పడుకున్నాక ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్ల దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మాంగాల మీద కురుపులు లేచి, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి అంటుకుంటే అది గజ్జి. గజ్జిని బూడిద ఖాతాలో రాసి దరఖాస్తు పెడితే, వచ్చిన డాక్టరు ఒక్క చూపుతో తీసేస్తాడు. ఆ తర్వాత నిజంగా బూడిదతో బాధపడేవాళ్ల మాట కూడా ఎవరూ వినరు. ఏది ఏదో ముందు మనమే విడదీసుకోవాలి.

గజ్జి మురికివాళ్ల రోగమని సిగ్గుపడి దాచుకుంటారు. అది కంటికి ఆనని పురుగు. చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. రోజూ రెండుసార్లు స్నానం చేసేవాళ్లకూ వస్తుంది. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద మొదలు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే దురద లేని తమ్ముడి ఒంటి మీద కూడా పురుగు ఉండొచ్చు. అందుకే దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు పూసుకోవాలి. డాక్టరు రాసే పర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి కడుక్కోవాలి. వారానికి మళ్లీ ఒకసారి. పసిపిల్లలకు, గర్భిణులకు ఎట్లా వాడాలో డాక్టరునే అడగాలి. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండేయండి. ఉతకలేని వాటిని ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి నాలుగు రోజులు పక్కన పెట్టండి, మనిషి ఒళ్లు దొరక్క పురుగు చస్తుంది. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. మందు పనిచేయలేదని భయపడి రోజూ పూయకండి.

ఇప్పుడు అసలు మాట. పర్మెత్రిన్‌కు మనం పత్తి మీద కొట్టే సైపర్‌మెత్రిన్ దగ్గరి చుట్టం. ఇది తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు కూడా చేసే పని ఒకటుంది. సీసాలో అడుగున మిగిలిన మందును నీళ్లలో కలిపి పిల్లల తలకు పేలు పోతాయని రాస్తారు, బర్రెకు గోమార్లు పోతాయని పూస్తారు, కుక్కను అందులోనే ముంచుతారు. చుట్టమైనంత మాత్రాన ఒకటే కాదు. క్రీములో ఉన్నది తూకం వేసి, ఒంటికి పడేలా చేసిన మందు. పొలం సీసాలో మందుతో పాటు దాన్ని కరిగించే ఘాటైన ద్రావకం ఉంటుంది, అదే చర్మాన్ని కాలుస్తుంది. ఇక అది క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ జాతి మందైతే గోకి గోకి పుండుపడిన చర్మంలోంచి నేరుగా రక్తంలోకి దిగుతుంది. చెమట, చొంగ, వాంతులు, కళ్లు మసకబారడం మొదలైతే అది దురద కథ కాదు, ప్రాణం కథ. వెంటనే బట్టలు విప్పించి, సబ్బుతో కడిగి, 108కు ఫోన్ చేయండి. మందు సీసా వెంట తీసుకుపోండి. దాని మీద ఉన్న పేరు చూస్తేనే డాక్టరు విరుగుడు ఇవ్వగలడు.

పశువుల సంగతీ అంతే. బర్రెకు మెడ మీద, తోక మొదట్లో వెంట్రుకలు రాలి తోలు మందంగా ముడతలు పడితే గజ్జి కావచ్చు, గోమార్లు కావచ్చు, పేలు కావచ్చు. పశువుల కోసం చేసిన మందులు వేరుగా ఉన్నాయి, పశువు బరువును బట్టి మోతాదు ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తే పాలు ఎన్ని రోజులు వాడకూడదో అడిగి తెలుసుకోండి. ఆ పాలు తాగేది మన పిల్లలే, డెయిరీకి పోసేదీ మనమే. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కుక్కకు గజ్జి వస్తే కాలిన ఇంజన్ ఆయిల్ పూయడం మన ఊళ్లల్లో చాలా పాత వైద్యం. కుక్క దాన్ని నాకుతుంది, అది విషం. దాని తోలు కూడా కాలుతుంది. పిల్లిని పెంచుకునేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, మనకు మందైన పర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం. కుక్క గజ్జి పురుగు మనిషికి తగిలితే కొన్నాళ్లు దురద పెడుతుంది కానీ మన ఒంట్లో కాపురం పెట్టదు. కుక్కకు వైద్యం చేయిస్తే మనదీ పోతుంది. దాన్ని కొట్టి ఊరవతల వదిలి రావాల్సిన పని లేదు.

గజ్జి తర్వాత ఎక్కువగా కనిపించేది తామర. అంచు ఎర్రగా, గుండ్రంగా, నడుమ మామూలుగా కనిపించే మచ్చ. గజ్జల్లో, నడుం చుట్టూ, చెమటకు తడిసిన బట్ట రాసుకునే చోట వస్తుంది. ఇక్కడ మనల్ని ముంచుతున్నవి దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబులు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. పూసిన రెండో రోజే దురద ఆగుతుంది, భలే మందు అనిపిస్తుంది. లోపల శిలీంధ్రం మాత్రం హాయిగా పాకుతుంటుంది. ఆపగానే రెట్టింపుగా తిరగబడుతుంది, చర్మం పలుచబడి చారలు పడతాయి. దేశమంతా తామర మొండికేయడానికి ఈ ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలోకి చేర్చింది. జాబితా ఢిల్లీలో ఉంది, ట్యూబు మన జేబులో ఉంది.

వేపాకు నీళ్ల సంగతి అడుగుతారు. పోసుకోండి, చల్లగా ఉంటుంది. దానితోనే గజ్జి పోతుందని మాత్రం నెలల తరబడి కూర్చోకండి.

మిర్చి ఏరిన చేతుల మంటకు నీళ్లు పనిచేయవు, కారం నీళ్లలో కరగదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి. దూలగొండి అంటితే గోకవద్దు, రుద్దవద్దు, నూగు ఇంకా లోపలికి దిగుతుంది.

వయ్యారిభామ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించిన ఈ మొక్క ఇవాళ మన గట్ల మీద, బడి ఆవరణల్లో, కాలువల వెంట గొడుగులా నిలబడింది. దాని ఆకు, పువ్వు ఒంటికి తగిలినా, ఎండిన పొడి గాలిలో వచ్చినా పడనివాళ్లకు కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు నల్లబడి, మందమై, ఏళ్ల తరబడి దురద పెడతాయి. మేసిన పశువు పాలు చేదెక్కుతాయి. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి. ఉత్త చేతులతో పీకవద్దు. ఉపాధి హామీ పనిలో కూలీలతో పీకిస్తే వాళ్లకు గ్లౌజులు ఇవ్వాలని పట్టుబట్టాలి.

గ్లౌజుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాం. మందు కొట్టే కూలీకి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల్లోనే రాసి ఉంది. అవి ఎన్ని దుకాణాల్లో దొరుకుతాయి, ఎంతమంది రైతులం కూలీకి ఇస్తున్నాం? చేను మనదైతే ఈ ప్రశ్న మనకు కూడా తగులుతుంది. తైవాన్ పంపు వీపున కారుతుంటే చొక్కా తడిసి సాయంత్రం దాకా ఒంటికి అంటుకునే ఉంటుంది. 2017లో యావత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. కారే పంపును ముందు బాగు చేయించండి. గాలికి ఎదురుగా కొట్టకండి. పని దిగగానే బట్టలు మార్చి స్నానం చేయండి, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. ఉతికేది ఇంట్లో ఆడవాళ్లు, దురద వాళ్లకూ వస్తుంది.

సంఘం తరఫున మూడు పనులు పెట్టుకున్నాం. పీహెచ్‌సీలో పర్మెత్రిన్ క్రీము ఇంటిల్లిపాదికీ సరిపడా ఇవ్వాలని అడుగుతాం, ఒక్కరికి ఒక్క ట్యూబు ఇచ్చి పంపితే గజ్జి పోదు. మిర్చి ఏరుడు మొదలయ్యేలోపు వరంగల్ ఎంజీఎం చర్మవ్యాధుల డాక్టర్లతో ఇక్కడ శిబిరం పెట్టించాలని దరఖాస్తు ఇస్తాం. మూడోది మీ చేతుల్లో ఉంది. ఓపీ చీటీలో పేరు, వయసుతో పాటు ఏం పని చేస్తారో, ఏ మందు కొట్టారో, ఏ తేదీన కొట్టారో డాక్టరుతో రాయించుకోండి. బూడిద అనుమానం ఉంటే అదీ రాయించండి. ఒక్క చీటీని ఎవరూ పట్టించుకోరు. వంద చీటీలు ఒకే కాలానికి, ఒకే పనికి, ఒకే వాడకు వస్తే కాలుష్య నియంత్రణ మండలి అయినా, వ్యవసాయ శాఖ అయినా జవాబు చెప్పాల్సి వస్తుంది.

చీటీల నకళ్లు వాడ కార్యకర్తలకు ఇవ్వండి. ఇంట్లో సగం వాడిన ట్యూబులు ఉంటే శిబిరం రోజు వాటిని కూడా వెంట తెండి, లోపల ఏముందో డాక్టరుతోనే చదివిద్దాం.