ఇల్లిచ్చి రాసుకోమంటారు: లా చదివిన మనవాళ్లకి ఫెలోషిప్‌లు

కాపెల్ నుంచి ఈ వారం ఎపిసోడ్ ఇది. బండి నడుపుతూ సగం విన్నవాళ్ల కోసం మాటలన్నీ ఇక్కడ పెట్టాం.

మనకి వచ్చే ప్రశ్నలు ఎక్కువగా ఐటీ గురించే. కానీ నల్సార్‌లోనో, ఉస్మానియాలోనో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో లా చదివి, పీహెచ్‌డీ కూడా చేసి, పెళ్లయ్యాక హెచ్4 మీద వచ్చినవాళ్లు మన ఇళ్లల్లో ఉన్నారు. వాళ్ల థీసిస్ అట్టపెట్టెలో ఉంది. ఇవాళ్టి కబురు వాళ్లకి.

రెసిడెన్షియల్ ఫెలోషిప్ అంటే డిగ్రీ కాదండీ, పరీక్షలుండవు. చాలాచోట్ల పాఠం చెప్పే పని కూడా ఉండదు. కొన్ని నెలలో, ఏడాదో స్టైపెండ్ ఇస్తారు, గది, లైబ్రరీ ఇస్తారు, కొన్నిచోట్ల ఇల్లు కూడా. మీ పుస్తకం మీరు రాసుకోవాలి. అసలు షరతేంటంటే, అక్కడే ఉండాలి.

మన దేశంలో దీనికి పెద్ద చిరునామా సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ. 1888లో వైస్రాయ్ కోసం కట్టిన భవనం, తర్వాత రాష్ట్రపతి నివాస్ అయింది. ఒకప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతిగా 1965 అక్టోబర్ 20న ఆ ఇన్‌స్టిట్యూట్‌ని ప్రారంభించారు. 1945లో వేవెల్ మన నాయకుల్ని పిలిచి మాట్లాడింది అక్కడే. ఆ గోడల మధ్య కూర్చుని రాజ్యాంగం మీద రాయడమంటే, నాకైతే కొంచెం అసూయే!

ఇక్కడ హార్వర్డ్‌లో రాడ్‌క్లిఫ్, స్టాన్‌ఫర్డ్‌లో బిహేవియరల్ సైన్సెస్ సెంటర్ పెద్ద పేర్లు. ఊరు మారాల్సిందే. పిల్లలు కాపెల్ స్కూల్లో, ఆయన ఉద్యోగం ఇక్కడ, అమ్మ ఒక్కతే బోస్టన్‌లో తొమ్మిది నెలలు... ఇది ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మన దగ్గర్లో, డాలస్ ఎస్ఎంయూలో క్లెమెంట్స్ సెంటర్ ఉంది. కారులో అరగంట. కానీ అది నైరుతి అమెరికా, మెక్సికో సరిహద్దుల చరిత్ర మీద పనిచేసేవాళ్లకి. వరంగల్ భూమి తగాదాల మీద రాసేవాళ్లకి పనికిరాదు.

"మన ఊరి సంగతులు వీళ్లకెందుకు?" అని అనుకోకండి. చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న దళితుల్ని ఊచకోత కోశారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. కోర్టే ఊరికి వస్తే సాక్షి భయం తగ్గుతుందా, పెరుగుతుందా? అప్లికేషన్‌కి ఇలాంటి ఒక్క ప్రశ్న కావాలి. "భారతదేశంలో న్యాయవ్యవస్థ, ఒక పరిశీలన" అని రాస్తే మొదటి పేజీ దాటరు. కల్పనా కన్నబిరాన్ గారి 2012 పుస్తకం 'టూల్స్ ఆఫ్ జస్టిస్' దొరికితే తిరగెయ్యండి. వివక్ష ఉండకూడదన్న ఒక్క సూత్రాన్ని పట్టుకుని కులం, వైకల్యం, తెగ, స్త్రీ అంటూ ఎంత దూరం వెళ్లారో!

ఇక వీసా. హెచ్4 ఈఏడీ ఉంటే దారి సులువు. 2015 నుంచి, భర్తకో భార్యకో ఐ-140 అప్రూవ్ అయినవాళ్లకి ఇస్తున్నారు. అది లేకపోతే స్టైపెండ్ తీసుకునే ముందు లాయర్‌ని అడగండి, చాలామంది జె1కి మారాల్సి వస్తుంది. జె1లో రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న రూల్ కొందరికి పడుతుంది. 2024 డిసెంబర్‌లో స్కిల్స్ లిస్ట్ నుంచి ఇండియాని తీసేశారు, పెద్ద ఊరట. కానీ ప్రభుత్వ డబ్బుతో వచ్చిన ఫెలోషిప్ అయితే ఆ రూల్ అలాగే ఉంది. రెండేళ్లు పూర్తి చేసేదాకా, లేదా వేవర్ వచ్చేదాకా, హెచ్ వీసా, గ్రీన్ కార్డ్ రెండూ ఆగిపోతాయి. గ్రీన్ కార్డ్ క్యూలో పదేళ్లుగా ఉన్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. ఆఫర్ లెటర్‌లో డబ్బు ఎవరిదో చూసి, అప్పుడు సంతకం పెట్టండి.

అన్నట్టు, డిగ్రీ చదవనివాళ్లకి స్టైపెండ్ మీద సాధారణంగా టాక్స్ పడుతుంది. ఇచ్చేవాళ్లు చాలాసార్లు కోయరు, అప్పుడు మీరే పక్కన పెట్టుకోవాలి.

చాలాచోట్ల గడువు ఏడాది ముందే, సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్‌లలో ముగుస్తుంది. రికమెండేషన్ లెటర్ల కోసం మీ పాత గైడ్‌కి ఈ ఆదివారమే ఫోన్ చెయ్యండి. అక్కడ సోమవారం పొద్దున అవుతుంది, చూసుకోండి.