బహిరంగ మూల సాఫ్టువేరు



2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరము ఐఫోనులను చిక్కులపాలు చేసెను. 'జ్ఞా' అను అక్షరమును ఒకానొక సంకేతక్రమమున కూర్చిన సందేశము వచ్చినచో, దానిని చూపబోయిన యాప్ ఠక్కున ఆగిపోయెడిది. జ్ఞానమునకు మొదటి అక్షరమే ఇంత పని చేయుట విడ్డూరము! దోషము అక్షరమునది కాదు. అక్షరములను తెరపై తీర్చు ఆపిల్ సంస్థవారి ప్రోగ్రాముది. తెలుగును, ప్రోగ్రాము రచనను ఎరిగినవారు పెక్కుమంది యుండియు, ఆ ప్రోగ్రాము మూలమును చూచు హక్కు వారికి లేకపోయెను. 19వ తేదీన సంస్థ దిద్దుబాటు విడుదల చేయువరకు వేచియుండుటయే గతి అయ్యెను.

ఈ భేదము కార్యాలయోద్యోగులకు సుబోధము. ఉత్తరువు ఒక పుట. దాని వెనుక నోటు పుటలు ఇరువది. నిర్ణయము ఎట్లు జరిగెనో తెలియవలెనన్నచో నోటు పుటలు తిరుగవేయవలసినదే. మనుష్యుడు వ్రాయు సోర్సు కోడు నోటు పుటల వంటిది. యంత్రము నడపుకొను రూపము ఉత్తరువు వంటిది. పెక్కు సంస్థలు ఉత్తరువును మాత్రమే అమ్మును. బహిరంగ మూల సాఫ్టువేరునందు ఫైలంతయు చేతికి వచ్చును. దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పదుగురకు పంచవచ్చును.

అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ప్రింటరు ప్రోగ్రామును బాగుచేయదలపగా, మూలమును ఇచ్చుటకు నిరాకరించిరి. 1983లో ఆయన గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సును ఆరంభించెను. ఆండ్రాయిడ్ ఫోనుల అడుగున నున్నది అదియే. ఇంగ్లీషున 'ఫ్రీ' అను మాటకు రెండర్థములుండుటచే అచ్చట వాదములు ఎడతెగవు. తెలుగున ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. మనకా చిక్కు లేదు.

అయినను, తలుపు తెరచియున్నంత మాత్రమున ఎవరో వచ్చి చూచెదరని భ్రమింపరాదు. అసంఖ్యాకములైన వెబ్‌సైట్ల రహస్యములను కాపాడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను బహిరంగ ప్రోగ్రాములో 2012లో దొరలిన దోషము 2014 ఏప్రిల్ వరకు బయటపడలేదు. వాడుకొనువారు కోట్లు, దానిని కనిపెట్టి యుండువారు వ్రేళ్లపై లెక్కింపదగినవారు. ఆ పిమ్మటగాని పెద్ద సంస్థలు ధనసహాయమునకు ముందుకు రాలేదు.

2015లో భారత ప్రభుత్వము, టెండర్లలో బహిరంగ మూల సాఫ్టువేరును కూడ పరిశీలింపవలెననియు, వలదన్న సరఫరాదారు కారణము తెలుపవలెననియు విధానము ప్రకటించెను. కారణము వ్రాయుట ఎంత సులభమో ఈ సభవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

తెలుగు అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాము బహిరంగ మూలము. ఫైర్‌ఫాక్సు, క్రోము, ఆండ్రాయిడ్ దానినే వాడుచున్నవి. అందు ఒక ఒత్తు వంకరగా పడినచో, కళాశాలలో చదువు మన పిల్లలు ఎవరి అనుమతియు లేకయే మూలమును తెరచి, దోషమును పట్టి, దిద్దుబాటును పంపవచ్చును. నిర్వాహకులు పరీక్షించి స్వీకరింతురు. కాని ఆ ఒత్తు వంకరగా పడినదని వారికి ముందు తెలియవలెను గదా! ఢిల్లీలో పెరుగు మన పిల్లలలో ఎందరికో ప్రోగ్రాములు వచ్చును, గుణింతములు రావు.