మాచా టీ – నాలుగు రుచులు



ఇరానీ చాయ్‌కి పెట్టింది పేరైన హైదరాబాదులో పచ్చటి టీ గొడవ ఎందుకూ అంటారేమో! 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుంచీ మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలతో పాటు తినేవీ తాగేవీ కూడా మారుతూ వచ్చాయి. ఇప్పుడు హైటెక్ సిటీ కాఫీ దుకాణాల్లో ‘మాచా’ అమ్ముతున్నారు. మన అమ్మాయిలు ఆ పొడి ఇంటికీ తెస్తున్నారు. కాబట్టి దాని మంచిచెడ్డలు మనకీ తెలియాలి.

ఇది జపాను వారి టీ. 1191లో ఐసాయ్ అనే బౌద్ధ సన్యాసి చైనానుంచి టీ విత్తనాలు తెచ్చాడని చెబుతారు. కోతకి సుమారు మూడు వారాల ముందు టీ మొక్కలకి నీడ కడతారు. దాంతో ఆకు పచ్చదనం పెరుగుతుంది, వగరు తగ్గుతుంది. ఆకుని ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఈనెలు తీసేసి, తిరగలిలో మెత్తగా విసురుతారు. మన టీలో ఆకుని వడగట్టి పారేస్తాం. ఇందులో ఆకంతా కడుపులోకే పోతుంది.

వెనిలా వాసన కలిపిన పొడిని నాలుగు విధాల చేసి చూశాను. చెంచాడు పొడి జల్లించి, మరిగిన నీళ్ళు నాలుగైదు నిమిషాలు చల్లార్చి పోసి, చిన్న కవ్వంతో చిలికాను. నురుగు బాగానే వచ్చింది. రుచి మాత్రం లేత తోటకూర ఉడికిన నీళ్ళలా ఉంది. చివర కాస్త తీపి. సలసల కాగే నీళ్ళు పోస్తే చేదెక్కింది. ఐసు నీళ్ళలో కలిపితే వెనిలా వాసన అణిగిపోయి, వగరు తెలిసింది. వేడి పాలలో అన్నిటికంటే బాగుంది. పాలు వగరుని కప్పేస్తాయి. పిల్లలు మెచ్చుకునేది ఇదే. పంచదార వేయనక్కరలేకపోయింది.

ఎందుకు వేయనక్కరలేదో పాకెట్టు వెనక చదివితే తెలుస్తుంది. సరుకుల పట్టికలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలని నియమం. వాసన కలిపిన చాలా పొడుల్లో ముందు కనిపించేది పంచదార! ‘ఆరోగ్య పానీయం’ అన్న పై మాట చూసి మధుమేహం ఉన్నవారికి ఇవ్వకండి. ఏమీ కలపని పొడి కొనుక్కుని, కావలసిన వాసన ఇంట్లోనే చేర్చుకోవచ్చు. ఏలకుల పొడి చక్కగా నప్పుతుంది.

ఇంకో రెండు మాటలు. రెండు గ్రాముల అసలు మాచాలో సుమారు 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి పడుకోవలసిన పిల్లలు ఇంటికొచ్చే ముందు తాగితే నిద్ర ఎక్కడిది? గర్భిణులు కాఫీ, టీలతో కలిపి లెక్క చూసుకోవాలి. రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది.

రెండోది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువే. టీలోని వగరు పదార్థాలు ఆకుకూరల్లోని, పప్పుల్లోని ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. అందుచేత ఏ టీ అయినా భోజనానికి గంట ఎడంగానే తాగాలి. ఐరన్ మాత్రలు టీతో మింగకూడదు. అన్నంలో నిమ్మకాయో, ఉసిరికాయో ఉంటే ఇనుము బాగా పడుతుంది.

కొత్త రుచి చూడవద్దని నేననను. శుభ్రంగా చూడండి. కానీ మీ అమ్మాయి పని హడావుడిలో మధ్యాహ్నం అన్నం మానేసి పచ్చటి గ్లాసుతో సరిపెట్టుకుంటోందేమో, ఆ సంగతి కాస్త కనిపెట్టండి. టీ ఎంత మంచిదైనా అన్నం కాదు కదా! సెలవు.